జరం బిళ్ల

మా రవన్నకు కోపం వస్తే ఫోన్లో ముందు ఊపిరి వినిపిస్తుంది, మాట ఆ తర్వాత వస్తుంది. ఆ రోజు పొద్దున ఊపిరి చాలాసేపే వినిపించింది. "చెల్లే, నువ్వు జల్ది రా. అమ్మ బిళ్లలు ఇయ్యనంటున్నది. ఎల్లుండే హాలు ఓపెనింగు. ఫ్లెక్సీలు గిట కట్టినం. బాపు ఫోటో కింద బిళ్లలన్నీ అచ్చేసినం. ఇగ జనానికి ఖాళీ బీరువా చూపెట్టాల్నా?" రవన్న మా పెద్దబాపు కొడుకు. పెద్దబాపు నేవీలో పనిచేసి వచ్చి మా ఊరికి సర్పంచ్ అయినవాడు. ఆయన పోయి కొన్నేళ్లయింది. ఇప్పుడు కాలనీ వాళ్లు కట్టుకున్న కొత్త కమ్యూనిటీ హాలుకు ఆయన పేరు పెడుతున్నారు, లోపల అద్దాల బీరువాలో ఆయన మెడల్స్ పెడతారట. మెడల్స్ అన్నది ఇప్పటి మాట. మాకు అవి ఎప్పుడూ బిళ్లలే. "ఆమె నా మాట ఇంటలేదు. నువ్వు పుస్తకాలు రాసేదానివి, నీ మాట ఇంటదేమో" అన్నాడు. నా మాట వినే మనుషులు ఇంకా ఉన్నారని ఒకరు నమ్మడమే గొప్ప కాబట్టి వెంటనే బయలుదేరాను.

హైదరాబాద్‌లో శంషాబాద్‌కు కారు మాట్లాడుకుంటే డ్రైవర్ అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "డిపార్చరా మేడం, అరైవలా?" పుట్టి పెరిగిన ఊరికి పోతూ నేను పోకనో రాకనో తేల్చుకోవాలి. "రెండూ కాదు నాయనా, పుట్టింటికి" అన్నాను. అతను అద్దంలోంచి నన్ను, నా పక్కన లేని సూట్‌కేసును చూసి బండి కదిలించాడు. మా ఊరు తొండుపల్లికి అవతల. ఊరు అంటే ఇప్పుడు లాడ్జీలు, గోడౌన్లు, ప్లాట్ల బోర్డులు, వాటి సందుల్లో ఇంకా ఒదిగి ఉన్న మా ఇళ్లు. పెద్దబాపు ఇంటి పైపోర్షన్లో ఎయిర్‌పోర్టులో పనిచేసే అమ్మాయిలు కిరాయికి ఉంటారు. కింద పెద్దమ్మ ఉంటుంది. మా సత్తెమ్మ పెద్దమ్మ ఆ పొద్దున మంచం మీద కాళ్లు చాపుకుని, రేకు సందూకను ఒడిలో పెట్టుకుని, దాని మీద ఒక చెయ్యి వేసి కూర్చుని ఉంది. గుమ్మంలో నన్ను చూడగానే ఆ రెండో చెయ్యి కూడా వేసింది.

"నువ్వు గూడ ఆని దిక్కే వచ్చినవా?"

"లేదు పెద్దమ్మా, చాయ్ తాగనీకి వచ్చిన."

"చాయ్ తాగు. బిళ్లలు మాత్రం ఇయ్య."

"ఎందుకియ్యవు? పెద్దబాపు పేరే గద పెడుతున్నరు."

"అద్దాల బీరువ అంట. తాళం అంట. లోపట కరెంటు బుగ్గ ఎలుగుతదంట. మీ పెద్దబాపు సచ్చిపోయిండు, సరే. బిళ్లలింకా బతికే ఉన్నయి. ఆటిని గూడ పెట్టెల పెట్టి దండ ఏస్తరా?"

గోడ పక్కన నిలబడ్డ రవన్న నా వైపు చూశాడు, విన్నావా అన్నట్టు. నేను విన్నాను. విన్నాను గనుకే గొంతులో చాయ్ అడ్డం పడి, నవ్వు ముక్కులోంచి వచ్చింది. ఆ బిళ్లలు బతికి ఉండటం అంటే ఏమిటో మా ఇంట్లో పెరిగిన పిల్లలకు తప్ప ఇంకెవరికీ తెలియదు. పాపం రవన్నకు కూడా సగమే తెలుసు. చిన్నప్పటి నుంచి హాస్టల్లో ఉండి చదువుకున్నాడు కదా.

పెద్దబాపు పేరు జంగయ్య. ఊరి వాళ్లకు జహాజ్ జంగయ్య. మోటబావి తప్ప వేరే నీళ్లు చూడని ఊళ్లోంచి పోయి సముద్రం మీద సంవత్సరాల తరబడి బతికి వచ్చిన మనిషి. తిరిగొచ్చాక కూడా ఆయన కాళ్లు ఓడ దిగలేదు. ఊరి బాట మీద కాళ్లు ఎడంగా వేసుకుంటూ, బాట ఎప్పుడు పక్కకు ఒరుగుతుందో అన్నట్టు నడిచేవాడు. పొద్దున కోడి కూతకన్నా ముందు ఆయన ఈల వినిపించేది. ఓడలో వాడే సన్నటి ఈల అది, చెవిలో సూది పెట్టినట్టు ఉండేది. ఆ ఈలకు ఇంట్లో పిల్లలమంతా లేచి, అలికిన వాకిట్లో వరసగా నిలబడాలి. ఆ వాకిలి పేరు డెక్కు. పెద్దబాపు చేతులు వెనక్కి కట్టుకుని వరస పొడుగునా నడుస్తూ గోళ్లు చూసేవాడు, చెవుల వెనక చూసేవాడు, ఎవరి ముక్కు కారుతుంటే వాళ్లను వరసలోంచి బయటికి లాగి బావి దగ్గరికి పంపేవాడు. ఎక్కువగా ఆ పోయేది నేనే. వంటింటిని గ్యాలీ అనేవాడు. మా పెద్దమ్మ ఆ మాటను ఎన్నడూ ఒప్పుకోలేదు. "గాలి ఏడుందయ్యా ఈడ, పొగకు కండ్లు పోతున్నయి గని" అనేది, జొన్నరొట్టె చరుస్తూ.

ఇంక ఆయన వేసే ముళ్లు. బర్రెను గుంజకు కట్టాలన్నా ఓడను రేవుకు కట్టినట్టే కట్టేవాడు. ఆయన ఒకసారి ఏదో పని మీద సిటీకి పోతే ఆ ముడి విప్పడం ఇంట్లో ఎవరి వల్లా కాలేదు. నీళ్లకు అరుస్తున్న బర్రెను చూడలేక మా బాపు గుంజనే పీకేశాడు. బర్రె ముందు, దాని వెనక ఈడ్చుకుంటూ గుంజ, దాని వెనక మేము, అట్లా ఊరేగింపుగా తొట్టి దాకా పోయాం. ఆ తర్వాత చాలా రోజులు ఊళ్లో ఎవరైనా అప్పులో చిక్కుకుంటే "జంగయ్య ముడి పడ్డది" అనేవాళ్లు.

ఆదివారం బిళ్లల రోజు. గంజి పెట్టిన తెల్లచొక్కా వాసన, బొగ్గుల ఇస్త్రీ పెట్టె వాసన, సందూక తెరవగానే ముక్కును కొట్టే కలరా ఉండల వాసన, ఆ మూడూ కలిస్తే నాకు ఇప్పటికీ ఆదివారమే. పెద్దబాపు చాప మీద కూర్చుని బిళ్లలను చింతపండుతో తోమి, ముగ్గుపిండితో మెరుగు పెట్టి, వాటి రంగురంగుల పట్టీలను మాత్రం తడవనీయకుండా పక్కకు పట్టుకునేవాడు. మొత్తం ఐదు. ఒకటి యుద్ధానికి, ఒకటి ఇన్నేళ్లు మచ్చ లేకుండా పనిచేసినందుకు, ఒకటి ఏదో తుఫానులో మనుషులను కాపాడినందుకు, ఒకటి ఓడల మధ్య జరిగిన తాడు గుంజుడు పోటీలో గెలిచినందుకు. ఐదోది బిళ్లే కాదు. ఓడలో ఆయన పెట్టెకు తగిలించిన ఇత్తడి నంబరు ముక్క. దిగి వచ్చేటప్పుడు గుర్తుగా జేబులో వేసుకుని వచ్చాడట. ఆ సంగతి ఆయన ఎన్నడూ దాచలేదు, అడిగిన వాళ్లకల్లా చెప్పేవాడు. అది అందరిలోకీ గుండ్రంగా, బరువుగా, ఎక్కువ మెరిసేది. మేము పిల్లలం దొంగతనంగా బిళ్లలను నాకి చూసేవాళ్లం, సముద్రం ఉప్పు ఉందేమోనని. చింతపండు పులుపు తప్ప ఏమీ తగిలేది కాదు.

అప్పట్లో మా ఇంటి ముందు గదిలో బడిపంతులు గారు కిరాయికి ఉండేవారు. ఆయనది, ఆయన భార్య రాజేశ్వరి గారిది సముద్రం దగ్గరి జిల్లా. రాజేశ్వరి గారు బర్రెను కూడా మీరు అంటారేమో అనిపించేంత మర్యాదస్తురాలు. ఒక మధ్యాహ్నం ఆమె గుమ్మం దగ్గరే నిలబడి, "సత్తెమ్మగారూ, పాపకి ఒళ్లు కాలిపోతోందండీ. మీవారి దగ్గర జ్వరం బిళ్ల ఉంటుందన్నారు. ఒకటి ఇప్పిస్తారా?" అని అడిగింది. ఆమె అడిగింది మందు. పెద్దబాపు మిలిటరీ దవాఖాన నుంచి తెచ్చుకున్న మందులు ఒక డబ్బాలో పెట్టుకునేవాడు, ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అయితే మా ఇంట్లో మందును గోలీ అంటాం. బిళ్ల అంటే మా పెద్దమ్మకు ప్రపంచంలో ఒక్కటే. ఆ పూట పెద్దబాపు ఇంట్లో లేడు.

పెద్దమ్మ ఒక నిమిషం ఆలోచించింది. నేను పక్కనే ఉన్నాను, ఆమె ముఖం చూశాను. సముద్రం దగ్గర పుట్టినామె, చదువుకున్నామె, ఓడ బిళ్లలు దేనికి పనికొస్తాయో ఈమెకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది అన్న గౌరవం ఆ ముఖంలో ఉంది. లోపలికి పోయి, సందూక తెరిచి, వాటిలో ఏది జ్వరానిదో తెలియక, బాగా మెరిసేదాన్ని తీసి, నల్లదారం కట్టి తెచ్చి ఇచ్చింది. రాజేశ్వరి గారు అరచేతిలో దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. వద్దంటే వీళ్ల ఆచారాన్ని తక్కువ చేసినట్టు అవుతుందనుకుంది పాపం. "ఎక్కడ కట్టాలండీ?" అంది. "మెడల కట్టుండ్రి" అంది పెద్దమ్మ, అది కూడా నన్నడుగుతారేంది అన్నట్టు. సాయంత్రం పంతులు గారు పాపను శంషాబాద్ దవాఖానకు ఎత్తుకుపోయి సూది వేయించుకొచ్చారు. తెల్లారేసరికి జ్వరం దిగింది. సూదిని ఎవరూ చూడలేదు. బిళ్ల అందరికీ కనిపించింది.

గోడ పక్కింటి జైబున్ బీ అడిగింది, "క్యా రాజేశ్వరమ్మా, పాప గలేల ఏంది గది?" అని. "ఇక్కడ జ్వరానికి ఇదే కడతారట కదండీ" అంది రాజేశ్వరి గారు. జైబున్ బీ పుట్టింది ఇక్కడే, పెరిగింది ఇక్కడే, ఆమె ఆ మాట ఎన్నడూ వినలేదు. కానీ నిన్నగాక మొన్న వచ్చిన మనిషికి తెలిసింది తనకు తెలియదని ఒప్పుకుంటుందా? "హా, హా, గంతే గద" అంది. ఆ వారమే తన మనవరాలి కోసం బిళ్ల అడగడానికి వచ్చింది. కోస్తా ఆమె ఇది తెలంగాణ ఆచారం అనుకుంది, మా పెద్దమ్మ ఇది సముద్రపు ఆచారం అనుకుంది, జైబున్ బీ ఇది అందరి ఆచారమూ అనుకుంది. ఎవరిదీ కాని ఆచారం అట్లా మా ఊళ్లో పుట్టి, నడిచి, పరుగు కూడా అందుకుంది.

కొద్ది రోజుల్లోనే ఒక్కో బిళ్లకూ ఒక్కో శాఖ ఏర్పడింది. నంబరు ముక్క జరం బిళ్ల. తుఫాను బిళ్ల నీళ్లంటే భయపడే పిల్లలకు. యుద్ధం బిళ్ల రాత్రుళ్లు ఉలిక్కిపడి ఏడ్చే పిల్లలకు, జడుపు బిళ్ల అనేవాళ్లు. మచ్చ లేని సర్వీసు బిళ్ల దిష్టికి. తాడు గుంజుడు బిళ్ల పళ్లు వచ్చే పిల్లలకు, ఎందుకంటే దాని అంచు కొరకడానికి వీలుగా ఉండేది. పెద్దబాపుకు ఇదేమీ తెలియదు. ఆదివారం పొద్దున్నే పెద్దమ్మ పిల్లల మెడల్లోంచి అన్నీ విప్పి తెచ్చి సందూకలో పెట్టేది, తోమడం అయిపోగానే మళ్లీ పంచేది. ఆయన మాత్రం "ఏందే, ఈ పట్టీలకు పాల వాసన వస్తున్నది" అని అప్పుడప్పుడూ మూతి ముడిచేవాడు.

జెండా పండుగ ఆదివారం రాలేదు. బడిలో జెండా ఎగరేయడానికి పిలిస్తే ఆయన తెల్లబట్టలు వేసుకుని, బిళ్లలు పెట్టుకుందామని సందూక తెరిచాడు. లోపల కలరా ఉండలు ఉన్నాయి. ఆ అరుపు నేను ఇప్పటిదాకా మరిచిపోలేదు, ఈల అక్కర్లేకుండానే మేమంతా డెక్కు మీద వరసగా నిలబడ్డాం.

"అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఊరంత పంచినవా? అవి ఎవరివనుకుంటున్నవే? నేవీవి!"

"నావివే అయితే ఇంక నీకేంది లొల్లి? నావి నేనిచ్చుకున్న" అంది పెద్దమ్మ, నేవీవి అన్నదాన్ని నీవివి అని విని.

ఆయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, చివరికి డెక్కు మీదే కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఆ రోజు ఆయన జెండాకు సెల్యూట్ చేసింది ఒకే ఒక్క బిళ్లతో. అది కూడా ఎవరి పిల్ల నోట్లోంచో లాక్కొచ్చింది, పట్టీ అంతా చొంగ. సాయంత్రం వచ్చి ఒక్క షరతు పెట్టాడు. "ఇయ్యి, నేనొద్దంట లేను. కానీ మొదలు దవాఖాన, ఎనుక బిళ్ల. సూది ఏయించుకోని పోరనికి బిళ్ల లేదు." అప్పటిదాకా సూదులమ్మ వస్తే పిల్లలను గడ్డివాముల వెనక దాచిన తల్లులు, ఆ తర్వాత బిళ్ల కోసం వాళ్లే దవాఖాన ముందు వరస కట్టారు. అది చూసే కాబోలు, పంతులు గారు, ఇంకొందరు కలిసి ఆయన్ను సర్పంచ్‌గా నిలబడమన్నారు.

ఎన్నికల గుర్తుగా ఆయన ఓడ అడిగాడు. బకెట్ ఇచ్చారు. "ఓడల నీళ్లొస్తే ఎత్తిపోసేది దీనితోనే" అని సర్దుకుని, బకెట్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ఎదుటి మనిషి కిష్టయ్య పటేలు. పెద్ద ఇల్లు, పెద్ద గొంతు, అయినా చెడ్డవాడేం కాదు. ప్రచారం చివరి రోజు ఆయన మా ఊరి చావడి, కచ్చీరు అరుగు మీద నిలబడి, "ఏం జహాజు? ఎవలు చూసిండ్రు జహాజు? గా బిళ్లలన్నీ జుమ్మేరాత్ బజార్ల దొరుకుతయి. అసలివైతే ఇప్పుడే, ఈ జనం ముంగట పెట్టుకొని రమ్మనుండ్రి!" అన్నాడు. పాత సామాను అమ్మే ఆ బజారు పేరు వినగానే జనంలో కొందరు నవ్వారు. అక్కడే ఉన్న పెద్దబాపు నవ్వలేదు. ఆయన ముఖం అట్లా పాలిపోవడం నేను అంతకుముందు చూడలేదు. ఓట్లు పోతే పోనీ, ఆ సముద్రం అబద్ధం అంటే ఆయన బతుకే అబద్ధం అన్నట్టు. బిళ్లల కోసం ఇంటికి నడిచాడు. ఇంట్లో బిళ్లలు ఎట్లా ఉంటాయి? అది గురువారం.

పెద్దమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నన్ను, మా చిన్నాయన కూతుళ్లను వీధుల్లోకి తోలింది. "ఉరుకుండ్రి! బిళ్ల ఉన్నోళ్లు పిల్లలను ఎత్తుకొని కచ్చీరు కాడికి రావాలె అని చెప్పుండ్రి!" ఆ పరుగు ఇంకా నా కాళ్లలో ఉంది. ఒక్కో గడప ముందు నిలబడి "బిళ్ల ఉన్నోళ్లు రావాలె!" అని అరవడం, లోపలి నుంచి పిండి చేతులతో, తడి జుట్టుతో ఆడవాళ్లు రావడం, నా చెప్పు ఒకటి ఎక్కడో ఊడిపోవడం, దాని కోసం వెనక్కి పోకపోవడం. నా పుట్టుకకు ఒక పనంటూ ఉంటే అది ఆ పూట అయిపోయిందని ఇప్పటికీ అనుకుంటాను, ఆ తర్వాత రాసిన పుస్తకాలన్నీ కొసరే.

కచ్చీరు ముందుకు వాళ్లు చంకల్లో పిల్లలతో వచ్చారు. రాజేశ్వరి గారి పాప మెడలో దిష్టిబిళ్ల. జైబున్ బీ మనవరాలి మెడలో జడుపు బిళ్ల. ఇంకొకరి పిల్లవాడి మెడలో తుఫాను బిళ్ల. ఒక పసివాడు తాడు గుంజుడు బిళ్లను నోట్లో పెట్టుకుని, ఎవరు లాగినా వదలలేదు, ఆ పోటీలో వాడు కూడా గెలిచేవాడే. ఇంటి నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చిన పెద్దబాపు వాళ్లను చూసి నిలబడిపోయాడు. తర్వాత అలవాటు ప్రకారం చేతులు వెనక్కి కట్టుకుని, కాళ్లు ఎడంగా వేసుకుంటూ ఆ వరస పొడుగునా నడిచాడు. ఒకరి పట్టీ సరిచేశాడు. ఒకరి ముక్కు తన కండువాతో తుడిచాడు. తన ఒంటి మీద ఒక్క బిళ్లా లేదు.

"నాలుగే ఉన్నయి గద. ఐదోది ఏది?" అన్నాడు కిష్టయ్య పటేలు, గెలిచినట్టు.

అప్పుడు పటేలు కోడలు వెనక నుంచి ముందుకు వచ్చింది. చంకలో పిల్ల. కొంగు తొలగిస్తే పిల్ల మెడలో జరం బిళ్ల తళతళ మెరిసింది. పటేలు గొంతు మొదటిసారి చిన్నగా పలికింది. "గది... గది పోచమ్మ తాయెత్తు గాదా?"

"గాదు మామా. సత్తెమ్మత్త ఇచ్చింది. మీరే గద, దీంతోనే జరం ఇడిసిందని పోరిని ఎత్తుకొని ఊరంత తిరిగిండ్రు."

కచ్చీరు నవ్వుతో దద్దరిల్లింది. నవ్వని మనిషి పెద్దబాపు ఒక్కడే. ఆయన పటేలు దగ్గరికి వచ్చి, అందరికీ వినిపించేలా అన్నాడు, "పటేలా, ఈ నాలుగూ అసలివి. గని నీ మనవరాలి మెడల ఉన్నది బిళ్ల గాదు. నా పెట్టె నంబరు ముక్క. నువ్వన్న మాట దాని మట్టుకు నిజమే. కావాల్నంటే ఇప్పుడే తీసేద్దం." చెయ్యి ముందుకు చాపాడు. గెలిచే పందెంలో తనకు తానే తాడు వదిలేస్తున్నాడని మా బాపు తల పట్టుకున్నాడు.

కిష్టయ్య పటేలు మనవరాలిని కోడలి చంకలోంచి లాక్కుని గుండెకు హత్తుకున్నాడు. "ఏయ్, ముట్టకు! నంబరు ముక్క అని ఎవడన్నడు? గిది అసలు బిళ్ల! అన్నిట్ల అసలుది గిదే! నీకేం తెలుసు జంగయ్యా?"

ఆ తర్వాత ఓట్లు వేయడం లాంఛనమే. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు, మా పెద్దబాపు ఎదుటివాడి ఇంట్లో గెలిచి రచ్చ గెలిచాడు. పటేలు ఓడిన మర్నాడు బకెట్ నిండా మామిడిపళ్లు పంపాడు.

సర్పంచ్‌గా ఆయన చేసినవి చెప్పుకుంటే పెద్దగా ఏమీ ఉండవు. నల్లా దగ్గర కొట్లాటలు ఈలతో ఆపాడు, మోరీలు తీయించాడు, దవాఖాన నర్సు వారం తప్పకుండా వచ్చేలా చేశాడు. ఎయిర్‌పోర్టు వచ్చింది, మా చేన్లు పోయాయి. మాకు ఈత నేర్పిన మోటబావి ఉన్నచోటి మీదుగా ఇప్పుడు విమానాలు లేస్తాయి. ఆ సంగతి తలుచుకుని ఏడ్చినవాళ్లున్నారు, నేనూ ఏడ్చాను. పెద్దబాపు మాత్రం మేడ మీద కుర్చీ వేసుకుని ప్రతి విమానం లేచినప్పుడూ, "జర బరువు ఎక్కువేసిండ్రు" అనో, "మంచిగ లేపిండు" అనో మార్కులు వేసేవాడు. నాకు ఆయనంటే పిచ్చి ప్రేమ. ఇది ఆయన ఉండగా చెప్పాను, ఇప్పుడూ చెప్తున్నాను.

పెద్దమ్మను చివరికి సందూక తెరవమని ఒప్పించాను. ఇవ్వడానికి కాదు, చూడటానికి మాత్రమే అన్న ఒప్పందం మీద. తెరిస్తే నాలుగు ఉన్నాయి. రవన్న సందూక మీదికి వంగాడు. "అమ్మా! నంబరు బిళ్ల ఏది? ఫ్లెక్సీ మీద ఉన్నది గద!"

"పైన కిరాయికుండే పిల్ల లేదా, ఎయిర్‌పోర్టు డ్యూటీకి పోతది. ఆమె కొడుక్కు మూడొద్దుల సంది జరం. దవాఖానకు పోయొచ్చినాకనే ఇచ్చిన" అంది పెద్దమ్మ, తప్పేమీ లేదన్నట్టు.

"ఇంకా ఇస్తనే ఉన్నవా?"

"ఎప్పుడు బంద్ చేసిన? బీరువ తాళంచెయ్యి ఎవని దగ్గర ఉంటదిరా?"

"కమిటీ దగ్గర. ప్రెసిడెంటు సారు దగ్గర. కెమెరా గూడ పెట్టినం."

"పోరనికి జరమొస్తే కెమెరకు చెప్పాల్నా? తాళంచెయ్యి నాకిస్తనంటే బిళ్లలు తీస్కపో. లేకుంటే లేదు."

"నీకే ఇస్తే ఇగ బీరువ ఎందుకమ్మా?" అన్నాడు రవన్న. న్యాయమైన ప్రశ్నే. నాకు నవ్వు ఆగలేదు. చివరికి సరే ఇప్పిస్తాను అన్నాడు. అట్లా అన్నది సందూక ఎత్తడం కోసమేనని నాకు తెలుసు, పెద్దమ్మకూ తెలుసు.

హాలు ప్రారంభానికి జనం బాగానే వచ్చారు. నీలం మఖమలు మీద నాలుగు బిళ్లలు, ఐదోచోట రవన్న రాత్రికి రాత్రి రాయించిన చిన్న అట్టముక్క: త్వరలో. రిబ్బన్ కత్తిరించిన పెద్దమనిషి దాన్ని చూసి, "ఇదెక్కడమ్మా?" అని అడిగాడు. "డ్యూటీల ఉన్నది సార్" అంది పెద్దమ్మ. ఆయన గౌరవంగా తల ఊపాడు. ఉపన్యాసాలు అయ్యాక జనం బీరువా మీద పడ్డారు. మొదట నాకు అర్థం కాలేదు. నెరిసిన మీసాల మనిషి ఒకడు అద్దానికి ముక్కు ఆనించి, పక్కనున్న మనవడికి చూపిస్తున్నాడు. "గిదిరా నా పండ్ల బిళ్ల. అంచుకు ఆ గాటు చూసినవా? నా పంటి గాటే." ఇంకొకామె "జడుపుది నాది" అంటోంది. ఒకరు "నీది ఎట్లయితది, నాది!" అని గొడవ. నాది, నీది, నావి అని హాలంతా ఒకటే గోల. ప్రెసిడెంటు గారు తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోబోయాడు. అంతలో పెద్దమ్మ అందరి ముందూ అరచెయ్యి చాపింది. ప్రెసిడెంటు రవన్న వైపు చూశాడు, రవన్న పైకప్పు వైపు చూశాడు. "ఇయ్యిండ్రి సారు, ఇయ్యిండ్రి! మా అందరికంటె పాత ఆఫీసరు ఆమెనే!" అన్నాడు మీసాల మనిషి. జనం వంత పాడారు. తాళంచెవి పెద్దమ్మ చేతిలో పడింది, వెంటనే కొంగున ముడి పడింది. ఆ ముడి విప్పాలంటే కమిటీ తీర్మానం సరిపోదు.

నేను మా ఫ్లాటుకు తిరిగి వచ్చేశాను. మా భవనంలో ఎవరికైనా జ్వరం వస్తే ఆ సంగతి మందు తెచ్చే కుర్రాడికి తెలుస్తుంది, ఎదురింటికి తెలియదు. నాకు వస్తే నేనే గోలీ వేసుకుని పడుకుంటాను, తగ్గుతుంది కూడా. మందులు అప్పటికన్నా ఎంతో మంచివి, అందులో నాకు అనుమానమే లేదు. కానీ గుమ్మంలో నిలబడి నల్లదారం పట్టుకుని, మెడ వంచమని అనే మనిషి లేకపోవడం నాకు బాధే. ఈ వయసులో అడగడానికి సిగ్గుపడుతున్నాను గానీ, ఒంట్లో బాగా లేనప్పుడు అడుగుదామని ఫోన్ చేతిలోకి తీసుకున్న రోజులున్నాయి.

మొన్న వానలు పట్టాక మళ్లీ ఊరికి పోయాను. పెద్దమ్మకు కబురు చెప్పకుండా ముందు హాలుకే నడిచాను. లోపల బుగ్గ వెలుగుతోంది. నీలం మఖమలు మీద గుండ్రటి అచ్చులు తప్ప ఒక్క బిళ్లా లేదు. విమానం తప్పిపోయి పక్క లాడ్జీలో దిగిన పెద్దమనిషి ఒకాయన, కాలక్షేపానికి వచ్చినట్టున్నాడు, ఆ ఖాళీ బీరువాను అటూ ఇటూ వంగి చూసి వాచ్‌మన్‌ను అడిగాడు, "ఇందులో ఏముంటాయండీ?" అని.

వాచ్‌మన్ స్టూలు మీంచి లేవకుండానే చెప్పాడు. "పోరగాండ్లు మంచిగున్నప్పుడు అండ్ల బిళ్లలుంటయి సార్."